చేతులతో కమ్మీ వంచడం: 6 మి.మీ. వంగింది, 8 మి.మీ. కదలడం లేదు

బైరాగిపట్టెడ కుర్రోడు (తిరుపతి)
అందరికీ నమస్కారం. జిమ్ముకు పోతా ఉంటా గానీ, కొన్నాళ్ళుగా పిచ్చంతా కమ్మీలు వంచేదాని మీదే. 6 మి.మీ. నున్న కమ్మీ, ఏడంగుళాల ముక్క, చేతులకు గుడ్డ చుట్టుకుంటే యూ ఆకారానికి వచ్చేస్తా ఉంది. సరే పైకి పోదామని మా వీధిలో స్లాబు వేస్తా ఉండే ఇంటికాడ మిగిలిన 8 మి.మీ. కమ్మీ అడిగి తెచ్చి, వెల్డింగ్ షాపులో అదే ఏడంగుళాలకు కోయించినా. ఎంత నొక్కినా వెంట్రుకవాసి కూడా వంగలేదు. అరచేతులు మాత్రం కమిలిపోయినాయి. రెండు మిల్లీమీటర్లే కదా తేడా, ఇంత మొండికేస్తాదా? బలం చాలకనా, పట్టు తెలియకనా? డెడ్‌లిఫ్ట్ బాగానే ఎత్తుతా, కాబట్టి ఒళ్ళు వంచమని మాత్రం ఎవురూ చెప్పొద్దండి.

కంబీ మేస్త్రి (చిత్తూరు)
అబయా, నువ్వు తెచ్చిన కమ్మీకి పైన ఏటవాలు గీతలు ఉండాయా? ఉంటే అది టీఎంటీ, అంటే స్లాబులకూ పిల్లర్లకూ వేసే గట్టి కమ్మీ. దాన్ని ఉత్త చేతులతో, అదీ ఏడంగుళాల ముక్కను వంచుతానంటే మా కూలోళ్ళే నవ్వుతారు. పిల్లర్ కమ్మీల చుట్టూ వేసే రింగులు మేము రోజుకు ఎన్ని వందలు చుడతామో లెక్క లేదు, అన్నీ 8 మి.మీ.వే. కానీ బల్ల మీద మేకుల నడుమ కమ్మీ పెట్టి, పొడుగు పిడి వేసి లాగుతాం. ఆ పిడి తీసేస్తే మా దాంట్లో ఎంత వస్తాదో నాకు బాగా తెలుసు. రింగు కొక్కెం కొనను 135 డిగ్రీలకు తిప్పాల (భూకంపానికి అట్లే ఉండాలని ఇంజనీర్లు పట్టుబడతారు). ఆ కురచ కొనకాడికి వచ్చేసరికి పిడి ఉన్నా భుజం పట్టేస్తాది. పొడుగు కమ్మీ వంచేది సులువు, కురచది కష్టం. ముందు ఆ సంగతి పట్టుకో.

జిమ్ జగ్గడు (తిరుపతి)
దీనివల్ల ఒరిగేదేముంది బ్రదర్? కండ పెరగదు, ఒళ్ళు తగ్గదు. సర్కస్ పని. మోచేతులు పాడు చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

లెక్కల సివిల్ (తిరుపతి)
జగ్గడు గారు, బరువు ఎత్తి మళ్ళీ అక్కడే దింపడం వల్ల మాత్రం ఏం ఒరుగుతుంది లెండి. కుర్రోడి ప్రశ్నకు వద్దాం.

గుండ్రటి కమ్మీ పూర్తిగా లొంగి వంగాలంటే కావలసిన మలుపు బలానికి సూత్రం తేలిక: స్టీలు లొంగే బలాన్ని వ్యాసం ఘనంతో గుణించి, ఆరుతో భాగించాలి. వ్యాసం ఘనం అన్నదే ఇక్కడ కొంప ముంచేది. 6 ఘనం 216, 8 ఘనం 512. ఒక్క మందంతోనే దాదాపు 2.4 రెట్లు పెరిగింది. నీ నున్న కమ్మీ మామూలు మైల్డ్ స్టీలు అనుకుందాం, అది చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర లొంగుతుంది. టీఎంటీలో ఎఫ్‌ఈ 500 అనే రకం అయితే పేరులోనే ఉంది, కనీసం 500. అక్కడ ఇంకో రెండు రెట్లు. మొత్తం మీద 9 న్యూటన్ మీటర్ల పని నుంచి 43కి ఎగిరావు. అంటే 4.7 రెట్లు! ఆ టీఎంటీ ముక్క బదులు 10 మి.మీ. నున్న కమ్మీ తెచ్చుకున్నా నీకు పెద్ద తేడా ఉండేది కాదు, దానికీ 42 దగ్గరే వస్తుంది.

మేస్త్రి చెప్పిన పొడవు సంగతి కూడా ఇందులోనే ఉంది. పొడవు తగ్గినంత మాత్రాన కమ్మీకి కావలసిన మలుపు బలం మారదు. నీ చేతుల మధ్య ఎడం తగ్గి, అదే మలుపు తేవడానికి నువ్వు పెట్టాల్సిన నొక్కుడు పెరుగుతుంది. కాబట్టి నీ చేతిలో మీటలు మూడున్నాయి: మందం, స్టీలు రకం, పొడవు. నువ్వు మొదటి రెండూ ఒకేసారి పైకి తిప్పేశావు.

బైరాగిపట్టెడ కుర్రోడు
అమ్మో. గీతలుండే కమ్మీనే అన్నా. ఇప్పుడు అర్థమైంది. మరి నడిమధ్య మెట్లు ఏవి? యాడ దొరకతాయి?

రేణిగుంట లేత్ (రేణిగుంట)
మెట్ల సంగతి నేను చెప్తా, రోజంతా చేతిలో ఉండేది ఇనుమే కాబట్టి.

ఒకే 6 మి.మీ.లోనే మూడు నాలుగు మెట్లు ఉండాయి. నల్ల కమ్మీ, అంటే వేడిగా రోలు చేసింది, అన్నింటికంటే మెత్తన. దాన్నే ఎనిమిది, ఏడు, ఆరు, ఐదున్నర అంగుళాలకు తగ్గించుకుంటా పో. ఆరు దాటి కిందికి వచ్చేసరికి ‘ఇది నేను వంచిన కమ్మీయేనా’ అనుకుంటావు. తర్వాత అదే 6లో బ్రైట్ బార్. చల్లగా లాగి తీసిన కమ్మీ అది, తళతళ మెరుస్తాది, కొలత కచ్చితంగా ఉంటాది, నల్లదానికంటే బాగా గట్టి. ఆ తర్వాత 8 మి.మీ. నల్లది, పన్నెండు అంగుళాలతో మొదలుపెట్టి దించుకో. చివర్న 8 బ్రైట్.

లేత్ షాపుల్లో బ్రైట్ బార్ అడిగేటప్పుడు రకం కూడా అడుగు. ఈఎన్8 అని ఇస్తే వద్దను, దాంట్లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటాది, చాలా మొండి. ఈఎన్1ఎ లో గంధకం కలుపుతారు, లేత్ మీద పొట్టు చిట్లి రాలేదానికి. మాకు బాగుంటాది గానీ వంచేటప్పుడు పగులు వస్తాది. ఉత్త ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) బ్రైట్ అని అడిగి తీసుకో.

బోల్టు వంచుతామనేవాళ్ళు తల మీద అంకె చూడండి. 4.6 అని ఉంటే తన్యబలం (లాగితే తెగేదాకా తట్టుకునే బలం) 400, అందులో 60 శాతం దగ్గర, అంటే 240కి లొంగుతాది. 8.8 అయితే 800లో 80 శాతం, అంటే 640. ఒకే లావు, ఒకే పొడవు, రెండింటికీ నడుమ భూమికీ ఆకాశానికీ ఉండేంత తేడా. ఇంకోమాట: ఆకురాయి, డ్రిల్లు బిట్టు, రంపం బ్లేడు, పోత ఇనుము, వీటి జోలికి పోవద్దు. అవి వంగవు, పటుక్కున విరిగి కంట్లోకి వస్తాయి.

తాలింఖానా తాత (చిత్తూరు)
లెక్కలు అయినాయి కదా, ఇంక చేతుల సంగతి నేను చెప్తాను. మా కాలంలో దీనికి పేర్లు లేవు, ఇప్పటి పిల్లకాయలు మూడు పట్లకు మూడు పేర్లు పెట్టుకున్నారు. రెండు అరచేతులూ నేలను చూసేది ఒకటి. రెండూ ఆకాశాన్ని చూసేది రెండోది. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేది మూడోది. కురచ కమ్మీకి జాస్తి బలం దొరికేది మొదటిదాంట్లోనే, నేర్చుకునేదానికి అదే కష్టం. మూడోది కొత్తవాళ్ళకు సులువు, చేతికి బలం ఎట్లా పోతుందో అందులో తెలిసిపోతుంది.

నాయనా, నువ్వు గుడ్డ చుట్టుకుంటున్నా అన్నావే, ఎట్లా చుడతా ఉండావో చూసుకో. వదులుగా చుడితే కమ్మీ లోపల జారుతుంది, నువ్వు పెట్టిన బలంలో సగం గుడ్డ తినేస్తుంది. రెండు కొనలకూ వేరువేరుగా, బిగించి బిగించి చుట్టాల. నడుమ బొటనవేలి లావు ఖాళీ వదులు. ఆ ఖాళీలోనే వంపు రావాల. చూపుడు వేళ్ళు రెండూ ఆ ఖాళీకి చెరో పక్కన ఆనుకుని ఇరుసు మాదిరి పనిచేస్తాయి. అరచేతి మడమ కొనను తోస్తుంది. కమ్మీ గడ్డం కింద, రొమ్ముకు దగ్గరగా ఉండాల. మోచేతులు రెక్కల్లా ఎత్తిపెట్టు. మణికట్టు ముందే వంచి పెట్టుకోవద్దు, నిటారుగా బిగించు. అప్పుడు మోచేతులు కిందికీ లోపలికీ దిగేటట్టు ఒక్కసారిగా తొయ్యి. మెల్లగా నెట్టుకుంటా పోతే చేతులు అలిసిపోతాయే తప్ప కమ్మీ లొంగదు.

మొదటి వంపు పడిందా, ఆగొద్దు. ఊపిరి ఒకటి పీల్చి, చేతులు కొనలకు జరిపి, లంబకోణం దాకా తీసుకుపో. అక్కడినుంచి వేళ్ళు ఒకదాంట్లో ఒకటి పెనవేసి, రొమ్ము ముందర రెండు అరచేతులతో నలిపెయ్యి. కొందరికి మొదటి వంపు పడదు, కొందరికి చివరి నలుపుడు రాదు. రెండింటికీ సాధన వేరే. మొదటిదానికి మణికట్టు కావాల, చివరిదానికి రొమ్ము, భుజం కావాల. కర్లాకట్టలు (తాలింఖానాలో తిప్పే బరువు కట్టెలు) తిప్పినవాడికి మణికట్టు సగం అమర్చినట్టే.

వంగిన చోట వేలు పెట్టబాకు. అక్కడ వేడి పుట్టి ఉంటుంది, చురుక్కుమంటుంది.

జిమ్ జగ్గడు
తాతా, మీరు చెప్పింది బాగుంది. కానీ వీడియోల్లో బక్క పిల్లలు కూడా లావు కమ్మీలు వంచేస్తున్నారు. అవి నమ్మేదెట్లా?

లెక్కల సివిల్
కొన్ని నిజం, కొన్ని కొలిమి మహిమ. బ్రైట్ బార్‌ను ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారనిస్తే, చల్లగా లాగినప్పుడు వచ్చిన గట్టితనం అంతా పోయి మెత్తబడుతుంది. పైన బూడిదరంగు పొలుసు కట్టి ఉంటుంది, దాన్ని గీకి నూనె పూస్తే తెలియదు. టీఎంటీ అయితే ఇంకా తమాషా. వేడి కమ్మీని నీళ్ళతో చల్లార్చి బయటి పొరను గట్టిగా, లోపలి గుజ్జును మెత్తగా ఉంచుతారు. దాన్ని మళ్ళీ ఎర్రగా కాల్చి వదిలేస్తే ఆ బయటి పొర బలం పోయినట్టే. అందుకే పిల్లర్ల కమ్మీలను మంట పెట్టి వంచొద్దని సైట్లలో మొత్తుకుంటాం.

అయితే ఇది మోసానికే కాదు, సాధనకూ పనికొస్తుంది. 8 నల్లదానికీ 8 బ్రైట్‌కూ నడుమ మెట్టు కావాలంటే, కాల్చి చల్లార్చిన బ్రైట్ ముక్కలు కొన్ని చేసిపెట్టుకో. గాల్వనైజ్డ్ కమ్మీని మాత్రం కొలిమిలో పెట్టొద్దు, జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

ఫిజియో అక్క (తిరుపతి)
నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలాంటి చేతులు అప్పుడప్పుడు కనిపిస్తాయి కాబట్టి రెండు మాటలు.

కండ తొందరగా బలపడుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ అంత తొందరగా బలపడదు. ఈ రెండింటి మధ్య ఎడంలోనే దెబ్బలన్నీ. మోచేతి లోపలి బొడిపె దగ్గర మొదట సన్నటి నొప్పిలా మొదలై, తర్వాత చెంబు ఎత్తినా గుచ్చుకుంటుంది. అప్పటికి ఆలస్యమైనట్టే. వారానికి రెండు రోజులకు మించి గట్టి కమ్మీ పట్టుకోకండి, రెండింటి మధ్య కనీసం రెండు పూర్తి రోజులు వదలండి. కమ్మీ వంచడం అంతా పిడికిలి మూసే పని. కాబట్టి తెరిచే కండలకు కూడా పని పెట్టాలి. ఐదు వేళ్ళకూ లావు రబ్బరు బ్యాండు వేసి విప్పడం, బియ్యం బకెట్లో చెయ్యి దూర్చి వేళ్ళు విప్పుతూ మణికట్టు తిప్పడం చాలు.

ఊపిరి బిగబట్టి నొక్కుతారు మీరంతా. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారి పైకి ఎగురుతుంది. బీపీ ఉన్నవాళ్ళు, కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు దీనికి దూరంగా ఉండండి. మిగతావాళ్ళు పళ్ళ సందుల్లోంచి బుస్సుమని వదులుతూ నొక్కండి. ఎముకలు ఇంకా ఎదిగే వయసు పిల్లలకు నేను వద్దనే చెప్తాను.

చెనిక్కాయల చిన్నోడు (పుత్తూరు)
ఏం భయం లేదక్కా, చెయ్యి పోతే మా ఊరు ఉంది కదా. పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరి 😄

ఫిజియో అక్క
తమ్ముడూ, కట్టు ఎముక విరిగిన వాళ్ళ కోసం పుట్టింది. ఇది టెండన్ నొప్పి. దీన్ని కట్టి కదలకుండా పెడితే ఇంకా బిగుసుకుపోతుంది. నెమ్మదిగా బరువు పెంచుతూ పని చేయించడమే దీనికి మందు. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి.

వర్సిటీ హాస్టల్ (తిరుపతి)
నేను అమ్మాయిని, మీ అందరి పోస్టులూ చదువుతున్నా. నేను కమ్మీలతో కాదు, మేకులతో మొదలుపెట్టా. హార్డ్‌వేర్ అంగట్లో ఐదంగుళాల మేకు, తర్వాత ఆరంగుళాలది. తల ఉంటుంది కాబట్టి ఒక చేతికి ఆనుడు దొరుకుతుంది, మొన వైపు మాత్రం జాగ్రత్తగా మందంగా చుట్టాలి. అంగడతను ‘ఏం తలుపు చేయిస్తా ఉండావు పాపా’ అని అడిగాడు. వంచడానికి అంటే నమ్మలేదు, ఒకటి అక్కడే వంచి ఇచ్చా, దుడ్లు మాత్రం తీసుకున్నాడు. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి చుడుతున్నా, సరిపోతుందా, తోలే కావాలా?

తాలింఖానా తాత
శభాష్ బిడ్డా. మేకు వరకూ జీన్స్ చాలు. 8 దగ్గరికి వచ్చేటప్పుడు తోలు కావాల. మెత్తన తోలు వద్దు, గట్టిది, కమ్మీ గుర్తు అరచేతికి తెలియనంత మందం. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అట్ట తోలు ముక్కలు అడిగితే ఇస్తారు. మరీ మందంగా చుట్టినా లాభం లేదు, కమ్మీ లావు పెరిగినట్టయి పిడికిలి మూసుకోదు.

మన దేశంలో ఈ పని ఇప్పుడు పుట్టింది కాదు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంచినాడు, మోటారు కార్లు ఆపినాడు, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నాడు. ప్రాణాయామమే తన బలానికి మూలమని చెప్పేవాడట.

రేణిగుంట లేత్
తాతా, దానికీ కమ్మీ వంచేదానికీ సంబంధం ఏముంది? ఆయన గొలుసు ఒంటికి చుట్టుకుని తెంచినాడు, ఊపిరి అక్కడ పనిచేస్తాది. ఇది మణికట్టు పని. ఈ పనికి దగ్గరగా ఉండేది రష్యా బలశాలి అలెగ్జాండర్ జాస్ (1888–1962). మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా వాళ్ళకు ఖైదీగా చిక్కి, సంకెళ్ళనూ జైలు కమ్మీలనూ కదలకపోయినా లాగి లాగి సాధన చేసినాడు. కదలనిదాన్ని తొయ్యడం వల్ల వచ్చే బలం సంగతి ఆయన తర్వాతే బాగా ప్రచారమైంది.

తాలింఖానా తాత
ఊపిరి లేకుండా మణికట్టు యాడినుంచి వస్తుంది అబ్బీ? సరే, వాదన ఇంకోరోజు పెట్టుకుందాం. కదలనిదాన్ని తొయ్యమన్నది మాత్రం మంచి మాట. కుర్రోడు ఆ టీఎంటీ ముక్కను పారెయ్యకుండా దానికే వాడుకోవచ్చు, ఐదారు లెక్కపెట్టేదాకా తోసి వదిలెయ్యడమే.

బైరాగిపట్టెడ కుర్రోడు
మళ్ళీ వచ్చినా. 8 నల్లది పది అంగుళాలది వంగింది! మొదటి వంపు ఈజీగానే పడింది, లంబకోణం కూడా దాటింది. నలిపేటప్పుడు చెయ్యి జారి ఆగిపోయినా. ఆ ముక్క అటక మీద పెట్టేసి, నెల దాటినాక మళ్ళీ తీసి పట్టుకుంటే, అది ముందటికంటే బిగుసుకుపోయింది. కొత్త ముక్కలు బాగా వంగుతా ఉండాయి, ఇది ఒక్కటే రావడం లేదు. నా మనసే చెడిందా, కమ్మీయే చెడిందా?

లెక్కల సివిల్
కమ్మీయే. రెండు కారణాలు. వంచిన చోట స్టీలు అప్పటికే గట్టిపడి ఉంటుంది, అది మొదటిది. రెండోది, మైల్డ్ స్టీలులో ఉండే కొద్దిపాటి కార్బన్, నత్రజని అణువులు, వంచినప్పుడు లోపల ఏర్పడిన లోపాల దగ్గరికి మెల్లగా చేరి వాటిని కదలనివ్వకుండా పట్టేసుకుంటాయి. వేడికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తిరుపతి ఎండాకాలంలో రేకుల కింద అటక మీద పెట్టావంటే చెప్పాలా. సగం వంచినది ఆ పూటే ముగించు. ముగించలేకపోతే దాన్ని వదిలేసి కొత్తది పట్టుకో. వెనక్కి నిటారుగా సరిచేసి మళ్ళీ వంచాలని చూడకు, రెండు మూడుసార్లకు అక్కడే పగులు పడుతుంది.

వర్సిటీ హాస్టల్
అమెరికాలో ‘రెడ్ నెయిల్’ అని ఏదో ఉంటుందట కదా, దాన్ని వంచితే పేరు రాస్తారట. మనకు దానికి సమానం ఏది?

రేణిగుంట లేత్
ఐరన్‌మైండ్ అనే సంస్థది. 5/16 అంగుళం మందం, 7 అంగుళాల పొడవు, కోల్డ్ రోల్డ్ (చల్లగా రోలు చేసిన) స్టీలు. 5/16 అంటే 7.94 మి.మీ., అంటే మన 8 ఎమ్మెస్ బ్రైట్ ఏడంగుళాలది దాదాపు అదే. అచ్చం అదే అని చెప్పను, బ్రైట్ బార్ ఒక లోడుకూ ఇంకో లోడుకూ గట్టితనం మారతా ఉంటాది.

కంబీ మేస్త్రి
ఆ తేడా నేను చేత్తోనే చెప్తా. ఒకే కంపెనీ, ఒకే లావు, లారీ మారితే రింగు తిరిగేది మారతాది. కాబట్టి ఒక కమ్మీ కొని, మొత్తం ఒకేసారి కోయించుకో. అప్పుడే ఈ రోజు వంగింది, రేపు వంగలేదు అంటే తేడా నీదా కమ్మీదా అని తెలుస్తాది.

జిమ్ జగ్గడు
సరే, నేనూ ఒకటి ప్రయత్నిస్తా. 6 నల్లది, ఎనిమిది అంగుళాలు. ఎవరి దగ్గర దొరుకుతాయో చెప్పండి. (నా డెడ్‌లిఫ్ట్ బెల్టు కోసి తోలు తీసుకోమని మాత్రం అనకండి.)

రేణిగుంట లేత్
మా షాపులో ముక్కలు కోసిపెడతా, కిలో లెక్క. 6 మి.మీ. ఏడంగుళాలవి కిలోకు పాతిక వస్తాయి, 8 అయితే పద్నాలుగు. కొనలు ఆకురాయితో నున్నగా చేసే ఇస్తా, లేకుంటే తోలు చీరేస్తాయి. కోత కూలి వేరే. ఆదివారం సెలవు. వంచినవి పారెయ్యకుండా తెచ్చిస్తే తుక్కు రేటుకు తీసుకుంటా. సగం వంగినవి కూడా తీసుకుంటా, ఎవురు వంచినారని అడగను.